జీవుల జనాభా: పెరుగుదల, తరుగుదల, లెక్కింపు (సూరత్ అనుభవంతో)

ఒక ప్రాంతంలో ఒకే కాలంలో బతుకుతూ, తమలో తాము జతకట్టి సంతానాన్ని కనగలిగే ఒకే జాతి జీవుల సముదాయాన్ని జీవశాస్త్రంలో జనాభా అంటారు. తపతీ నది మీద తేలే గుర్రపుడెక్క, గిర్ అడవిలో సింహాలు, సూరత్ పాత వాడల్లో ఎలుకలు వేరువేరు జనాభాలు. ఒక జనాభా ఎందుకు పెరుగుతుంది, ఎక్కడ ఆగుతుంది, ఎలా తరుగుతుంది, దాన్ని ఎలా లెక్కపెట్టాలి అనే ప్రశ్నలను పరిశీలించే శాస్త్రం జనాభా ఆవరణశాస్త్రం. పంటల రక్షణ, చేపల వేట, వన్యప్రాణి సంరక్షణ, అంటువ్యాధుల అదుపు దీని మీద ఆధారపడి ఉన్నాయి. 1994లో ప్లేగు బారిన పడి, ఆ తర్వాత రెండేళ్లలోనే దేశంలోని పరిశుభ్రమైన నగరాల వరుసలోకి వచ్చిన సూరత్‌ను ఈ వ్యాసం ప్రధాన ఉదాహరణగా తీసుకుంటుంది.

నిర్వచనం, లక్షణాలు

జనాభా పరిమాణాన్ని మార్చేవి నాలుగే నాలుగు: జననాలు, మరణాలు, లోపలికి వలస, బయటికి వలస. మొదటిదీ మూడోదీ సంఖ్యను పెంచుతాయి, రెండోదీ నాలుగోదీ తగ్గిస్తాయి. ఎంత జటిలమైన నమూనా అయినా చివరికి ఈ నాలుగింటి జమాఖర్చే.

మొత్తం సంఖ్యతో పాటు మరికొన్ని లక్షణాలను కూడా పరిగణిస్తారు. ఒక చదరపు కిలోమీటరులోనో హెక్టారులోనో ఎన్ని జీవులున్నాయో చెప్పేది సాంద్రత. పిల్లలు, ఈడొచ్చినవి, ముసలివి ఏ పాళ్లలో ఉన్నాయో చెప్పేది వయోవిన్యాసం. ఆడమగ నిష్పత్తి, జీవులు గుంపులుగా ఉన్నాయా చెదిరి ఉన్నాయా అన్నది కూడా ముఖ్యమే. సంఖ్య సమానంగా ఉన్న రెండు జనాభాల భవిష్యత్తు ఒకేలా ఉండాలన్న నియమం లేదు. పిల్లలు ఎక్కువగా ఉన్నది పెరిగే దారిలో ఉంటుంది. ముసలివే మిగిలినది ఈరోజు నిండుగా కనిపించినా తరిగే దారిలోనే ఉంటుంది.

చరిత్ర

ఎలుకల బెడద రాజ్యానికి ఒక విపత్తని కౌటిల్యుని అర్థశాస్త్రం గుర్తించింది. పిల్లులను, ముంగిసలను వదలమనీ, విషం కలిపిన ధాన్యం చల్లమనీ, అవసరమైతే ఎలుకల పన్ను విధించమనీ అందులో ఉంది. గణిత దృష్టి ఐరోపాలో మొదలైంది. 1202లో ఫిబొనాచ్చి ఒక కుందేళ్ల జంట ఏడాదిలో ఎన్ని జంటలవుతుందన్న లెక్క వేశాడు. జనాభా గుణకారంగా పెరుగుతుందనీ, ఆహారం ఆ వేగాన్ని అందుకోలేదనీ 1798లో థామస్ మాల్థస్ వాదించాడు. డార్విన్ ప్రకృతివరణ సిద్ధాంతానికి ఈ వాదన ఒక ఊతమైంది.

పెరుగుదలకు హద్దును సమీకరణంలోకి తెచ్చినవాడు బెల్జియం గణితజ్ఞుడు పియెర్ ఫ్రాన్స్వా వెర్‌హుల్స్ట్. 1838లో ఆయన ప్రతిపాదించిన లాజిస్టిక్ సమీకరణాన్ని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1920లో అమెరికాలో రేమండ్ పెర్ల్, లోవెల్ రీడ్ దాన్ని మళ్లీ స్వతంత్రంగా కనుగొన్నారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఏడ్రియాటిక్ సముద్రంలో వేట తగ్గినప్పుడు, పట్టిన చేపల్లో సొర వంటి వేటాడే చేపల పాలు ఎందుకు పెరిగిందని తన అల్లుడు, జీవశాస్త్రజ్ఞుడు ఉంబర్తో దాంకోనా అడిగిన ప్రశ్నకు విటో వోల్టెరా 1926లో గణిత సమాధానం ఇచ్చాడు. దానికి ఏడాది ముందు ఆల్‌ఫ్రెడ్ లోట్కా కూడా అవే సమీకరణాలకు చేరుకున్నాడు. వేటాడే జీవి, ఎర జీవి సంఖ్యలు ఒకదాని వెనక ఒకటి ఎగుస్తూ పడుతూ ఉంటాయన్నది వీటి సారం. 1945లో పాట్రిక్ లెస్లీ వయసులవారీ జననాలను, మనుగడను ఒక పట్టికలో కూర్చి, రాబోయే సంవత్సరాల జనాభాను లెక్కించే పద్ధతి చెప్పాడు. ఇప్పటి సంరక్షణ అంచనాల్లో చాలావాటికి ఇదే మూలం.

పెరుగుదల రీతులు

అడ్డంకి లేనంతకాలం జనాభా ఘాతీయంగా పెరుగుతుంది. ఉన్న సంఖ్య ఎంత పెద్దదైతే కొత్తగా చేరేవి అంత ఎక్కువ. సూరత్‌లో తపతి మీద సింగణ్‌పోర్ వద్ద ఆనకట్ట కట్టి నీటిని నిలిపిన చోట ఏటా కనిపించే గుర్రపుడెక్క ఇందుకు కళ్లెదుటి ఉదాహరణ. ఈ దక్షిణ అమెరికా మొక్క విత్తనం కోసం ఎదురుచూడకుండా పక్కకు పిలకలు వేసి వ్యాపిస్తుంది. నిలవ నీరు, మురుగు నుంచి వచ్చే పోషకాలు, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. రెండు వారాలకు ఒకసారి అనుకున్నా, ఒక చదరపు మీటరు మేర ఉన్న మొక్క 20 వారాల్లో 1,024 చదరపు మీటర్లు కప్పేస్తుంది. ఇందులో సగం చివరి రెండు వారాల్లో వచ్చిందే. అప్పటిదాకా నది దాదాపు ఖాళీగానే కనిపిస్తుంది కాబట్టి ఈ సమస్య ఎప్పుడూ ఆలస్యంగానే అందరి దృష్టికి వస్తుంది. తొలి వారాల్లో నలుగురు మనుషులు తీసేయగలిగినదాన్ని చివరి వారాల్లో యంత్రాలతో తీయాల్సివస్తుంది.

ఏ జనాభా అయినా కలకాలం ఇలా పెరగదు. ఆహారం, చోటు, గూడు తరిగేకొద్దీ జననాలు తగ్గి, మరణాలు పెరుగుతాయి. ఒక ఆవాసం ఎంతకాలమైనా పోషించగల సంఖ్యను ధారణ సామర్థ్యం అంటారు. దాని దగ్గరకు వచ్చేకొద్దీ పెరుగుదల మందగించి నిలిచిపోతుంది. గీసి చూస్తే సాగదీసిన ఎస్ ఆకారం కనిపిస్తుంది. ఇదే లాజిస్టిక్ వృద్ధి. ఇందులో ఆచరణలో అత్యంత ఉపయోగపడే సంగతి ఒకటుంది: ధారణ సామర్థ్యంలో సరిగ్గా సగం ఉన్నప్పుడు జనాభా అన్నిటికంటే వేగంగా పెరుగుతుంది.

ఎలుకలకు దీన్ని అన్వయిస్తే ఫలితం స్పష్టంగా ఉంటుంది. ఒక వీధి చెత్త, మురుగుకాలువలు, గోదాములు కలిపి 200 ఎలుకలను పోషించగలవనుకుందాం. బోనులతో, మందుతో 100 ఎలుకలను చంపితే, మిగిలిన వంద అత్యంత వేగంగా పెరిగే స్థితిలో ఉంటాయి. సహజ వృద్ధి రేటు నెలకు 0.5 అనుకుంటే సుమారు నాలుగున్నర నెలల్లో మళ్లీ 180కి చేరతాయి. అదే ఒక్క ఎలుకనూ చంపకుండా, చెత్త తీసి, కన్నాలు పూడ్చి వీధి ధారణ సామర్థ్యాన్నే 100కు తగ్గిస్తే జనాభా తనంతట తానే వందకు దిగి అక్కడే నిలుస్తుంది. ఎలుక గర్భకాలం దాదాపు మూడు వారాలు, ఒక ఈతకు ఆరేడు పిల్లలు, రెండు మూడు నెలలకే పిల్లలు ఈడుకొస్తాయి. అంత వేగంతో చంపి గెలవడం ఏ నగరపాలక సంస్థకూ సాధ్యం కాదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో డేవిడ్ డేవిస్, ఆయన సహచరులు వీధుల్లోనే పరిశీలించి ఈ నిర్ణయానికే వచ్చారు.

నియంత్రించే కారకాలు

సాంద్రత పెరిగేకొద్దీ తీవ్రమయ్యే కారకాలు సాంద్రతాధారితాలు. ఆహారం కోసం పోటీ, అంటువ్యాధులు, పరాన్నజీవులు, వేటాడే జీవులు ఈ కోవలోకి వస్తాయి. జీవులు ఎన్ని ఉన్నాయన్నదానితో పనిలేకుండా దెబ్బతీసేవి సాంద్రతా స్వతంత్రాలు. వరద, కరువు, చలి, నిప్పు ఇలాంటివి. ఏవి ప్రధానమన్న దాని మీద 20వ శతాబ్దం మధ్యలో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుల మధ్యే పెద్ద వాదం నడిచింది. ఎ. జె. నికల్సన్ సాంద్రతాధారిత నియంత్రణను సమర్థిస్తే, ఆండ్రివార్థా, బర్చ్‌లు వాతావరణానిదే పైచేయి అన్నారు. రెండూ కలిసి పనిచేస్తాయన్నది ఇప్పుడు సర్వామోదం పొందిన మాట. వరద ఎలుకలను బొరియల నుంచి తరిమి ఎత్తైన ఇళ్లలోకి నెడుతుంది. అక్కడ ఇరుకు పెరిగి, రోగం అంటుకునే అవకాశం హెచ్చుతుంది. మొదటిది స్వతంత్ర కారకం, రెండోది ఆధారిత కారకం.

ఆహారం ఒక్కసారిగా విరగకాసినా జనాభా విరుచుకుపడుతుంది. మిజోరంలో సుమారు 48 ఏళ్లకోసారి ఒక జాతి వెదురు మూకుమ్మడిగా పూచి, కాసి, చచ్చిపోతుంది. ఆ గింజలు తిని ఎలుకలు పెరిగి, గింజలు అయిపోగానే పొలాల మీద పడతాయి. స్థానికులు మౌతం అని పిలిచే ఈ ఉపద్రవం 1959లో కరువు తెచ్చింది. ఆ కరువు సహాయం కోసం ఏర్పడిన సంస్థే తర్వాత మిజో నేషనల్ ఫ్రంట్ అయింది. 2007 ప్రాంతంలో వెదురు మళ్లీ పూచింది.

తరుగుదల, అంతర్ధానం

వేగంగా కని త్వరగా చచ్చే జీవులు దెబ్బతిన్నా కోలుకుంటాయి. నిదానంగా కని చాలాకాలం బతికే జీవులకు పెద్దవాటి మరణాలు కొద్దిగా పెరిగినా చాలు, కోలుకోవు. దీనికి రాబందుల కంటే బాధాకరమైన నిదర్శనం మన దేశంలో లేదు. తెల్లవీపు రాబందు 1992, 2007 సంవత్సరాల మధ్య భారతదేశంలో 99.9 శాతం అంతరించింది. పశువులకు నొప్పి తగ్గించేందుకు వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల్లో మిగిలి, తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసిందని 2004లో పాకిస్తాన్‌లో పనిచేసిన లిండ్సే ఓక్స్ బృందం తేల్చింది. వంద కళేబరాల్లో ఒక్కదానికంటే తక్కువలో ఆ మందు ఉన్నా ఇంతటి పతనానికి చాలునని జనాభా నమూనాలు చూపాయి. ఏడాదికి ఒకే గుడ్డు పెట్టే పక్షికి అంతకుమించి తట్టుకునే శక్తి లేదు. పశువైద్యంలో ఆ మందును భారత ప్రభుత్వం 2006లో నిషేధించింది. రాబందులు వదిలిన కళేబరాల మీద వీధికుక్కలు బతికాయి. ఒక జనాభా కూలితే ఖాళీ అయిన చోటు మరొకదానికి దక్కుతుంది.

సంఖ్య బాగా తగ్గినప్పుడు జత దొరకకపోవడం, గుంపుగా కాచుకోలేకపోవడం వల్ల వృద్ధి రేటు ఇంకా పడిపోతుంది. దీన్ని తొలిసారి వివరించిన శాస్త్రజ్ఞుడి పేరు మీద అల్లీ ప్రభావం అంటారు. దగ్గరి రక్తసంబంధంలో జతకట్టడం, ఒక్క రోగమో ఒక్క తుఫానో అన్నిటినీ తుడిచిపెట్టడం చిన్న జనాభాలకు అదనపు ముప్పులు. భారతదేశంలో చీతా అంతరించిందని 1952లో ప్రకటించారు. ఆఫ్రికా నుంచి తెచ్చినవాటిని 2022 సెప్టెంబరులో మధ్యప్రదేశ్‌లోని కునోలో వదిలారు.

కోలుకున్న జనాభాకు గుజరాత్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. ప్రపంచంలో ఆసియా సింహాలు సహజంగా మిగిలింది సౌరాష్ట్రలోనే. అధికారిక లెక్కల్లో 1968లో 177, 1990లో 284, 2010లో 411, 2015లో 523, 2020లో 674, 2025లో 891 సింహాలు నమోదయ్యాయి. సింహాలు గిర్ హద్దులు దాటి పొలాల్లోకి, తీరప్రాంతాలకు విస్తరించాయి. అన్నీ ఒకే ప్రాంతంలో ఉండటం మాత్రం ముప్పే. 2018లో కుక్కల నుంచి సోకే కెనైన్ డిస్టెంపర్ వైరస్ గిర్‌లో సింహాల ప్రాణాలు తీసింది. కొన్నిటిని కునోకు తరలించాలని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తరలింపు జరగలేదు.

సూరత్, 1994

సూరత్ పట్టు, జరీ, వజ్రాల నగరం. మరమగ్గాల పని కోసం మహారాష్ట్ర, ఒడిశా, తెలుగు ప్రాంతాల నుంచి లక్షలాది మంది అక్కడికి చేరారు. తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలు వారిలో ఉన్నారు. 1991 జనగణనలో దాదాపు 15 లక్షలున్న నగర జనాభా 2011 నాటికి 44 లక్షలు దాటింది. ఆ వేగానికి తగినట్టు మురుగుకాలువలు, చెత్త ఎత్తే ఏర్పాట్లు 1994 నాటికి పెరగలేదు. మనుషుల జనాభా పెరిగిన ప్రతి చోటా ఎవరికీ తెలియకుండానే ఎలుకల ధారణ సామర్థ్యం కూడా పెరిగింది.

1993 సెప్టెంబరు 30న లాతూరు ప్రాంతంలో భూకంపం వచ్చింది. ఇళ్లు వదిలిన జనం, పాడుబడ్డ గోడలు, వాటి కింద మిగిలిన ధాన్యం ఎలుకలు పెరగడానికి దోహదం చేశాయని భావించారు. 1994 ఆగస్టులో మహారాష్ట్రలోని బీడ్ జిల్లా మామ్లా గ్రామంలో ఎలుకలు చచ్చిపడటం, ఫ్లీలు అనే కీటకాల బెడద, తర్వాత గజ్జల్లో గడ్డలతో జ్వరం కనిపించాయి. సెప్టెంబరు మొదట్లో వానలకు తపతి పొంగి సూరత్ పల్లపు వాడలు మునిగాయి. అదే నెల మూడో వారంలో వేద్ రోడ్ ప్రాంతం నుంచి ఊపిరితిత్తుల ప్లేగు లక్షణాలున్న రోగులు ఆసుపత్రికి వచ్చారు. రోజుల వ్యవధిలో లక్షలమంది రైళ్లెక్కి ఊరు విడిచారు. దేశం మొత్తం మీద 50 మందికి పైగా మరణించారు, ఎక్కువమంది సూరత్‌వారే. టెట్రాసైక్లిన్ పంపిణీతో వ్యాధి కొద్ది వారాల్లో సద్దుమణిగింది.

ఇది నిజంగా ప్లేగేనా అని అప్పట్లో కొందరు నిపుణులు సందేహించారు. శ్రీకాకుళంలో పుట్టిన వైద్య శాస్త్రవేత్త వులిమిరి రామలింగస్వామి అధ్యక్షతన కేంద్రం సాంకేతిక సలహా సంఘాన్ని నియమించింది. రోగుల నుంచి వేరుచేసిన సూక్ష్మజీవులు ప్లేగు కారకమైన యెర్సీనియా పెస్టిస్ అని జన్యుపరీక్షలు నిర్ధారించాయి. 2000లో వెలువడిన అలాంటి ఒక అధ్యయనంలో హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్త ఎస్. శివాజీ బృందం పాలుపంచుకుంది. ఊపిరితిత్తుల ప్లేగు మనిషి నుంచి మనిషికి తుమ్ము, దగ్గుల ద్వారా పాకుతుంది. అందుచేత సూరత్‌లో మరణాల సంఖ్యను ఎలుకల సంఖ్యతో నేరుగా ముడిపెట్టకూడదు. వ్యాధికి పునాది మాత్రం ఎలుక, ఫ్లీ, సూక్ష్మజీవి అనే మూడు జనాభాల మధ్య ఉన్న సంబంధమే.

ఫ్లీ అంటే ఎలుకల ఒంటి మీద బతికే, రెక్కల్లేని, దూకే, రక్తం పీల్చే కీటకం. ప్లేగు వ్యాప్తిలో దాని పాత్రను 1898లో ఈ ఉపఖండంలోనే పాల్ లూయీ సిమోన్ గుర్తించాడు. అడవుల్లో, బీళ్లలో బతికే కొన్ని ఎలుక జాతులు రోగాన్ని ఎక్కువగా తట్టుకుంటాయి కాబట్టి సూక్ష్మజీవి వాటిలో ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. ఊళ్లో ఎలుకలు తట్టుకోలేవు. అవి చచ్చిపోతే ఫ్లీలు చల్లబడ్డ ఒంటిని వదిలి కొత్త రక్తం కోసం వెతుక్కుంటాయి, దగ్గర్లో దొరికేది మనిషే. కాబట్టి ప్లేగు ఉన్న ఊళ్లో ముందుగా ఎలుకలను చంపడం ప్రమాదకరం. మొదట పురుగుమందు చల్లి ఫ్లీలను చంపి, ఆ తర్వాతే ఎలుకల మీదికి వెళ్లాలన్నది ఆరోగ్యశాఖల నియమం. జనాభాల క్రమం తెలియకుండా చేసే సాయం రోగాన్ని వీధిలోకి తెస్తుంది.

1995 మేలో సూరత్ నగరపాలక కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు తెలుగువారు. నగరాన్ని ఆరు మండలాలుగా విభజించి, అధికారాలను కింది అధికారులకు అప్పగించి, వాళ్లంతా రోజూ చల్లని గదులు వదిలి వీధుల్లో తిరగాలని నిర్దేశించారు. రాత్రిపూట వీధులు ఊడ్పించారు, చెత్త రోజూ ఎత్తించారు, మురికివాడల్లో దారులు, మరుగుదొడ్లు, కాలువలు వేయించారు, శుభ్రత పాటించని హోటళ్ల మీద చర్యలు తీసుకున్నారు. 1996లో ఇంటాక్ సంస్థ సూరత్‌ను చండీగఢ్ తర్వాత దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా గుర్తించింది. 1998లో ఆయనకు పద్మశ్రీ లభించింది. చేసిన పనిని జనాభా శాస్త్రం పరిభాషలో చెప్పాలంటే, ఎలుకలను వేటాడటం కాదు, వాటి ధారణ సామర్థ్యాన్ని తగ్గించడం. ఆ మార్పు ఒక అధికారితో ముగియలేదు. స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2020, 2021, 2022 సంవత్సరాల్లో రెండో స్థానంలో నిలిచిన సూరత్, 2023లో ఇండోర్‌తో కలిసి మొదటి స్థానం పంచుకుంది.

లెక్కింపు పద్ధతులు

సంపూర్ణ గణన అరుదు. పెద్ద జీవులకు, బాహాటంగా కనిపించే గూళ్లకు, చెట్లకు మాత్రమే అది సాధ్యం. మిగతావాటికి నమూనా తీసుకుని అంచనా వేయాలి. అంచనా ఎప్పుడూ హెచ్చుతగ్గుల పరిధితో కలిపి చెప్పాల్సిన సంఖ్య.

గుర్తువేసి మళ్లీ పట్టే పద్ధతి అన్నిటికంటే పేరున్నది. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు పీటర్సన్ 1896లో చేపలకు, అమెరికాలో లింకన్ 1930లో బాతులకు దీన్ని వాడారు. ఒక గోదాములో 50 ఎలుకలను పట్టి గుర్తువేసి వదిలారనుకుందాం. కొన్ని రోజులకు పట్టిన 60లో 12 గుర్తున్నవైతే మొత్తం 50ని 60తో గుణించి 12తో భాగించగా వచ్చే 250. గుర్తు చెరిగిపోకూడదు, మధ్యలో రాకపోకలు ఉండకూడదు, ఒకసారి చిక్కిన ఎలుక బోనుకు భయపడకూడదు. ఎలుకకు భయం ఎక్కువ. అందువల్ల గుర్తున్నవి తక్కువగా చిక్కి, అంచనా అసలు కంటే పెద్దదవుతుంది.

పట్టి తొలగించే పద్ధతిలో వరుస రాత్రుల్లో పడినవి తగ్గే తీరును చూస్తారు. అవే బోనుల్లో మొదటి రాత్రి 40, రెండో రాత్రి 30 పడితే, నలభై వర్గాన్ని తేడా పదితో భాగించగా 160 వస్తుంది. మొత్తం సంఖ్య అక్కర్లేని చోట సూచికలు సరిపోతాయి. నూరు బోనుల్లో ఎన్ని పడ్డాయన్నది ఒక సూచిక. గోదావరి డెల్టా వరిపొలాల్లో సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూసి, తెల్లారి తెరుచుకున్నవాటిని లెక్కపెడతారు. తెరుచుకున్నదే లోపల ఎలుకో పందికొక్కో ఉన్న బొరియ. మందు పెట్టడానికి ముందూ తర్వాతా ఇలా లెక్కిస్తే ఫలితం తేలుతుంది.

ప్లేగు నిఘాలో ముఖ్యమైనది ఫ్లీ సూచిక. బోనులో పడ్డ ఎలుకను గుడ్డసంచిలోకి దింపి, మత్తు ఇచ్చి, తెల్లని ఎనామిల్ పళ్లెం మీద పట్టుకుని ఒంటి బొచ్చును బ్రష్‌తో వెనక్కి దువ్వుతారు. తెల్లని అడుగు మీద గోధుమరంగు ఫ్లీలు స్పష్టంగా కనిపిస్తాయి. ఏరి, జాతి గుర్తించి, లెక్కపెడతారు. 50 ఎలుకల మీద ప్లేగును ఎక్కువగా మోసే జాతి ఫ్లీలు 90 దొరికితే సూచిక 1.8. ఒకటి దాటితే ఆ ఊరు జాగ్రత్తపడాలి.

లెక్కింపులో పొరపాట్లు తప్పుడు విధానాలకు దారితీస్తాయి. మనిషికో ఎలుక ఉందన్న నానుడి ఇంగ్లండ్‌లో 1909లో డబ్ల్యు. ఆర్. బోల్టర్ వేసిన ఒక ఊహ నుంచి వచ్చింది. న్యూయార్క్‌లో డేవిస్ 1950 ప్రాంతంలో పరిశీలించినప్పుడు నగరంలో రెండున్నర లక్షలే తేలాయి. 1902లో హనోయ్‌లో ఫ్రెంచి ప్రభుత్వం ఎలుక తోకకు ఇంత అని బహుమానం పెట్టింది. తోకలు కుప్పలుగా వచ్చాయి. తోకలేని ఎలుకలు నగరంలో తిరుగుతూనే ఉన్నాయి. చచ్చినవాటి లెక్క బతికున్నవాటి లెక్క కాదు.

పులుల విషయంలోనూ అదే గుణపాఠం. 1972 గణనలో దేశంలో 1,827 పులులు ఉన్నాయని తేలింది. సరోజ్ రాజ్ చౌధురి రూపొందించిన అడుగుజాడల పద్ధతి అప్పటి నుంచి దశాబ్దాల పాటు నడిచింది. రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులే లేవని 2005లో బయటపడ్డాక ఆ పద్ధతి మీద నమ్మకం పోయింది. చారలను బట్టి ఒక్కొక్క పులిని గుర్తించే కెమెరా బోనులను, ఉల్లాస్ కారంత్ 1990లలో నాగరహొళెలో వాడి చూపిన తరహాలో, దేశమంతటా అనుసరించారు. 2006 అంచనా 1,411, 2010లో 1,706, 2014లో 2,226, 2018లో 2,967. 2022 అంచనా సగటు 3,682. 1972 సంఖ్యనూ 2006 సంఖ్యనూ పక్కపక్కన పెట్టి ఇంత తగ్గాయనడం సరికాదు. కొలిచిన గజాలే వేరు.

మొక్కల జనాభా

మొక్క కదలదు కాబట్టి లెక్క తేలికనిపిస్తుంది. కొలత చట్రం నేల మీద పెట్టి అందులోని మొక్కలను లెక్కించడం నిజంగానే తేలిక. చిక్కు వేరే చోట ఉంది. గరిక, వెదురు, గుర్రపుడెక్క పిలకలతో వ్యాపిస్తాయి. విత్తనం నుంచి పుట్టిన ఒక్క జీవి వందల పిలకలుగా ఉండవచ్చు. 1977లో జాన్ హార్పర్ మొక్కల జనాభా మీద రాసిన గ్రంథం విత్తనం నుంచి పుట్టిన జీవుల లెక్కనూ పిలకల లెక్కనూ వేరుచేయాలని చెప్పింది. నేలలో నిద్రాణంగా ఉన్న విత్తనాలు మరో దాగిన జనాభా. పైన కలుపు తీసినంతమాత్రాన అది తరిగిపోదు. ఒత్తుగా నాటినచోట మొక్కలు పెరిగేకొద్దీ బలహీనమైనవి చచ్చి సంఖ్య తగ్గుతుంది. దీన్ని స్వయం పలుచన అంటారు. విశాల ప్రాంతాలకు ఉపగ్రహ చిత్రాలే ఆధారం. గుజరాత్ తీరంలో మడ అడవుల విస్తీర్ణం 1987లో 427 చదరపు కిలోమీటర్లు, 2021 నివేదికలో 1,175. నాటిన చోట నిలిచినవాటి వల్లే ఎక్కువ పెరుగుదల.

ప్రాముఖ్యం

చేపల వేటలో ధారణ సామర్థ్యంలో సగం దగ్గర జనాభాను నిలిపితే గరిష్ఠ దిగుబడి వస్తుందన్నది పాఠ్య సూత్రం. అంచనా పొరపాటైతే చేపలు కోలుకోలేనంతగా పడిపోతాయి కనుక దాన్ని హద్దుగా చూడాలే తప్ప లక్ష్యంగా పెట్టుకోకూడదు. ఆంధ్రతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేటనిషేధం గుడ్లు పెట్టే కాలాన్ని కాపాడటానికే.

ప్రజారోగ్యంలో జనాభా శాస్త్రం అవసరం తీరలేదు. ప్లేగు సూక్ష్మజీవి భారతదేశం నుంచి పోలేదు. 2002లో హిమాచల్ ప్రదేశ్‌లోని సిమ్లా జిల్లాలో, 2004లో ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో మళ్లీ కనిపించింది. ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ సూరత్, నవసారి, వల్సాడ్ జిల్లాల్లో వరి, చెరకు పొలాల్లో దిగేవారికి వానాకాలంలో సోకుతూనే ఉంది. ఏ ఊళ్లోనైనా ఎలుకలు కారణం తెలియకుండా గుంపుగా చచ్చిపడి ఉంటే చేత్తో తాకకుండా, ఊడ్చి పారేయకుండా, ఆ రోజే స్థానిక ఆరోగ్య సిబ్బందికి చెప్పాలి.